నూనె రాసుకున్న చేతులు

నేను ఒక భూతద్దాన్ని. ఇత్తడి చట్రం, నల్లకొయ్య పిడి, మధ్యలో అరచేతిలో ఇమిడేంత గాజు. ఇప్పుడు ఒక పెద్దాసుపత్రిలో, చర్మవ్యాధుల విభాగం వరండాలో, గోడకు బిగించిన అద్దాల పెట్టెలో ఎర్ర మఖమలు గుడ్డ మీద పడి ఉన్నాను. నా కింద ఒక చీటీ అంటించారు. దాని మీద ఏముందో తర్వాత చెబుతాను. ముందే చెబితే మీకు నా మీద గౌరవం కలుగుతుంది, అది నాకు అక్కర్లేదు. ఊరి పేరూ ఆసుపత్రి పేరూ కూడా చెప్పను.

ఇన్నేళ్ళలో నేను చూసిన చర్మానికి లెక్కలేదు. పొలుసులు, పగుళ్ళు, పుండ్లు, చీము, అట్టలు కట్టిన మోచేతులు, అన్నిటినీ అణువణువూ పెద్దగా చేసి చూశాను. వాటిలో ఏ ఒక్కటీ నాకు రోత పుట్టించలేదు. నాకు రోత పుట్టించినవి ఇస్త్రీ మడతలు నలగని చొక్కాలేసుకుని తిరిగాయి.

నన్ను అరగదీసింది ఉత్తరాదిలో ఒక రేకుల షెడ్డులో. అరగదీసిన మనిషి పేరు నాకు తెలీదు. గాజుపొడి నీళ్ళలో రోజంతా నానిన చేతులు అతనివి, వేళ్ళన్నీ పగుళ్ళు. ప్రతి అద్దాన్నీ పూర్తి చేశాక తన బొటనవేలి మీద పెట్టి ఒకసారి చూసుకుని పక్కన పెట్టేవాడు. అలా నేను లోకంలో మొట్టమొదట చూసింది నన్ను చేసిన వేలి మీది పగులునే. అది చూసి మొహం తిప్పుకోవాలని నాకు తోచలేదు.

అక్కణ్ణించి చేతులు మారి మారి పానకాలు దగ్గర తేలాను. పానకాలు బస్టాండు ఎదురుగా, చెరుకురసం బండి పక్కన సిమెంటు అరుగు మీద కూర్చుని చేతులు చూసి జాతకాలు చెప్పేవాడు. ఆయన చెప్పేవన్నీ అబద్ధాలే, అందులో అనుమానం లేదు. అత్తతో పడని కోడలికి వచ్చే శ్రావణం దాటితే అంతా మంచే అనేవాడు, ఆ శ్రావణం ఎప్పటికీ దాటేది కాదు. కానీ ఒక్క సంగతి చెప్పాలి. చెయ్యి పట్టుకోకుండా ఆయన ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. తారు పూసుకున్న చెయ్యి, చేపల వాసన కొట్టే చెయ్యి, పుండుకు గుడ్డ చుట్టిన చెయ్యి, ఏదైనా సరే తన ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడిచేత్తో నన్ను పట్టుకుని వంగి చూసేవాడు. అబద్ధం చెప్పేముందు అంత శ్రద్ధగా చూసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అలాంటివాడి అరచేతుల్లోకే జబ్బు వచ్చింది. చర్మం మందంగా అట్టకట్టి, పగిలి, తెల్లటి పొట్టు రాలడం మొదలైంది. జాతకం కోసం చెయ్యి చాపినవాళ్ళు ఆయన చెయ్యి చూసి గబుక్కున వెనక్కి లాక్కునేవాళ్ళు. ఆ లాక్కోవడాన్ని రోజుకు పదిసార్లు చూశాక పానకాలు అరుగు దిగి, నన్ను చొక్కా జేబులో పెట్టుకుని, ఈ పెద్దాసుపత్రికి వచ్చాడు.

ఇక్కడ పెద్ద డాక్టరు ప్రొఫెసర్ చక్రధరరావు. ఆ రోజు పొద్దున్నే ఆయన భూతద్దం కిందపడి పగిలిందట. పానకాలు జేబులోంచి తొంగిచూస్తున్న నా పిడిని చూసి, "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వవయ్యా" అన్నాడు. పానకాలు సంబరంగా ఇచ్చాడు. ప్రొఫెసరు నన్ను స్పిరిటు దూదితో మూడుసార్లు తుడిచి, పానకాలు చేతుల్ని బల్ల అవతలి నుంచే చూసి, మందులు రాసి, నన్ను తన తెల్లకోటు జేబులో వేసుకుని తర్వాతి రోగిని పిలిచాడు. పానకాలు బయట బల్ల మీద ఓపీ మూసేదాకా కూర్చున్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నుంచునేవాడు. చివరికి అటెండరును అడిగితే, సారు దగ్గరికెళ్ళి నా అద్దం నాకిచ్చెయ్యి అని నువ్వే అడుగు, నేనడగను అన్నాడట. ఆయన అడగలేక వెళ్ళిపోయాడు. అది దొంగతనమని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. నా మొదటి రోత అది.

పానకాలుకు వచ్చిన జబ్బును సోరియాసిస్ అంటారు. మామూలుగా మీ చర్మం పైపొర లోపల పుట్టి, పైకి వచ్చి, రాలిపోవడానికి ఓ నెల పడుతుంది. ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన కాపలా బలగం దారి తప్పి సొంత చర్మం మీదే విరుచుకుపడితే, ఆ నెల పని నాలుగైదు రోజుల్లో జరిగిపోతుంది. రాలే తీరిక లేక పొర మీద పొర పేరుకుంటుంది. కొందరికి ఆ బలగం కీళ్ళ మీద కూడా పడుతుంది. అంతే. అందులో మురికి లేదు, పాపం లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది అసలే లేదు. నా కింద పెట్టి చూస్తే ఆ పొలుసు అబ్రకం రేకులా మెరుస్తుంది. చూసే మనసుంటే అందంగానే ఉంటుంది.

చక్రధరరావుకు ఆ మనసు లేదు. చర్మవ్యాధుల్లో పెద్ద పేరున్న ఆ మనిషికి చర్మమంటే ఏవగింపు. ఎవరినీ ముట్టుకునేవాడు కాదు. నేను వచ్చాక ఆయనకు పని మరీ సులువైంది. నన్ను రోగి చేతికే ఇచ్చి, "మచ్చ మీద నువ్వే పట్టుకో" అని, తాను కుర్చీలో వెనక్కి వాలి అంత దూరం నుంచి చూసేవాడు. అంత దూరం నుంచి చూస్తే నాలో కనిపించేది గది పైకప్పు దీపం ఒక్కటే. ఆయన దాన్నే చూసి తలాడించి మార్కులు వేసేవాడు.

మార్కులంటే పరిశోధన మార్కులు. ఒక కంపెనీ కొత్త పూతమందు తయారుచేసి, దాన్ని నలభైమంది సోరియాసిస్ రోగుల మీద పదహారు వారాలు వాడి చూడమని ఆయనకు అప్పగించింది. నెలకోసారి రోగి రావాలి. ఎరుపెంత, మందమెంత, పొలుసెంత అని చూసి ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా అంకె వెయ్యాలి. అంకెలు తగ్గితే మందు పనిచేసినట్టు. ఆయన దగ్గర పీజీ చదువుతున్న డాక్టర్ ఫిర్దౌస్ అనే నంద్యాల అమ్మాయి, మందు కలపని ఉత్త పూత రాసే గుంపు కూడా ఒకటి ఉండాలి కదా సర్, పోల్చి చూడ్డానికి అంది. అంత తీరిక లేదన్నాడు. ఆ నలభైమందినే మొదటి రోజూ చివరి రోజూ పోల్చుకుంటే చాలన్నాడు.

ఆ నలభైమందిలో ఒకతి సలోమి. పక్క మండలంలో ఒక బడిలో పదకొండేళ్ళుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. కుడి మణికట్టు మీద గంజి ఒలికి కాలిన మచ్చ, నెలవంకలా ఉంటుంది. రెండు చేతులకూ, మోచేతులకూ సోరియాసిస్. ఆమె వండితే మా పిల్లలు తినరని ఆ ఊళ్ళో కొందరు మొదట్నించీ లోలోపల గొణుక్కునేవాళ్ళే. ఆ గొణుగుడుకు అసలు కారణం ఆమె ఏ పేటలో ఉంటుందన్నది. దాన్ని పైకి అనలేక నోరు మూసుకున్నవాళ్ళకు ఇప్పుడు ఆమె చర్మం సాకుగా దొరికింది. పెద్ద డాక్టరు దగ్గర్నించి కాగితం తెచ్చేదాకా వంటగదిలోకి రావద్దని హెడ్మాస్టరు చెప్పాడు. ఆమెకు కావల్సింది ఆ కాగితం. బడి వంటగది గడప మళ్ళీ తొక్కాలి, అంతే ఆమె కోరిక.

అప్పటికే ఆమె ఇదే విభాగంలో వారానికోసారి మింగే మాత్రలు వాడుతోంది, జబ్బు సగానికి తగ్గింది కూడా. చక్రధరరావు వాటిని ఆపించాడు. కొత్త మందు రాసేవాళ్ళు ఇంకేదీ వాడకూడదట. పదహారు వారాలు అయ్యాక కాగితం తానే రాసిస్తానన్నాడు. సలోమి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే ఆయన కుర్చీని ఇంత వెనక్కి జరుపుకున్నాడు.

మాత్రలు ఆపిన నెలన్నరకు, పరిశోధన మొదలయ్యే రోజు ఫలానా అని ముందుగా చెప్పకుండా కబురుపెట్టి పిలిపించారు. ఆమె ఉన్నపళాన బస్సెక్కి వచ్చింది. దుమ్ము, ఎండ, పొడిబారిన ఒళ్ళు, చేతులనిండా తెల్లటి పొట్టు. ఫొటో తీసుకున్నారు. పొలుసుకు నాలుగు మార్కులు పడ్డాయి. నలభైమందిదీ ఇంచుమించు అదే కథ.

రెండోసారి నుంచి తేదీలు చీటీల మీద రాసిచ్చారు. అక్కడే వచ్చింది తంటా. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒళ్ళు శుభ్రంగా ఉండాలని మన జనానికి ఒకరు చెప్పాలా? తెల్లవారుజామునే లేచి కొబ్బరిపీచుతో పొలుసంతా రుద్ది రుద్ది కడిగి, మచ్చ మచ్చకూ కొబ్బరినూనె పట్టించి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది సలోమి. ఆమే కాదు, అందరూ అలాగే వచ్చారు. తమ ఒంటిని చూసి ఎదుటివాళ్ళు మొహం తిప్పుకోవడం ఏళ్ళ తరబడి చూసినవాళ్ళు వాళ్ళు. నూనె పట్టిన పొలుసు కంటికి ఆనదు. తడి కాగితం వెనకనున్నది బయటికి కనిపించినట్టు, పొర పారదర్శకమైపోతుంది. చక్రధరరావు బల్ల అవతల కూర్చుని చూశాడు. నాలుగు ఉన్నచోట ఒకటి వేశాడు. రెండో నెలా ఒకటే. "అద్భుతం" అన్నాడు. ఒక్కసారి, ఒక్క వేలితో ఆ చేతిని తాకి ఉంటే ఆయనకు జిడ్డు తగిలేది. నలభైమందిని నెలనెలా చూసినవాడు ఒక్కరినీ తాకలేదు.

మూడో నెల ఆయన ఏదో సభకు వెళితే ఫిర్దౌస్ చూసింది. సలోమి చేతిని ఆ పిల్ల తన చేతిలోకి తీసుకుంది. పానకాలు తర్వాత నా ఎదుట ఒకరు మరొకరి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. చెయ్యి జారింది. ఫిర్దౌస్ తన వేళ్ళు వాసన చూసుకుని, నన్ను దగ్గరగా పెట్టి చూసింది. పొలుసు లేదు గానీ అంచు ఎర్రగా, మందంగా, మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. స్పిరిటు దూదితో నూనె తుడిచి, సలోమిని పక్కన కూర్చోబెట్టి పావుగంట ఆగింది. మళ్ళీ నన్ను పెట్టేసరికి అబ్రకం రేకులు ఒక్కొక్కటే తెల్లగా పైకి తేలాయి.

"నూనె రాసుకుని వచ్చావా సలోమమ్మా?"

"పెద్ద డాక్టరు ముందుకి పొట్టు రాల్చుకుంటా ఎట్టా వస్తాం తల్లీ? ఆయనసలే చూడలేక చూస్తన్నాడు."

ఫిర్దౌస్ వరండాలోకి వెళ్ళి ఆ రోజు వచ్చినవాళ్ళందరి చేతులూ ఒక్కొక్కటే పట్టి చూసింది. పదకొండుమందిలో పదిమందివి కొబ్బరినూనె జిడ్డు. పదకొండో ఆయన ఆముదం రాసుకున్నాడు.

తిరిగి వచ్చి సలోమి వేళ్ళ కణుపులు నొక్కింది. సలోమి అబ్బా అని చెయ్యి లాక్కుంది. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవడం లేదని, గరిటె పట్టు తప్పుతోందని అప్పుడు చెప్పింది. మాత్రలు ఆపినప్పటి నుంచే అట. ఫిర్దౌస్ పరిశోధన కాగితాలు ముందుకు లాక్కుంది. ఈ నొప్పి కాగితాల్లో ఎక్కడ రాయాలో వెతికింది. కాగితాల్లో నొప్పికి గడి లేదు.

ప్రొఫెసరు ఊరినుంచి రాగానే ఆయన గదికి వెళ్ళి, నన్ను బల్లమీద పెట్టి అంతా చెప్పింది. నూనె మీద పొలుసు కనబడదనీ, ఇప్పటిదాకా వేసిన అంకెలు మందువి కావు, కొబ్బరినూనెవి అనీ, సలోమికి కీళ్ళు పట్టేస్తున్నాయి కాబట్టి ఆమెను పరిశోధన నుంచి తప్పించి వెంటనే మాత్రలు మొదలుపెట్టాలనీ చెప్పింది. ఆయన కలం కింద పెట్టి ఓపిగ్గా విన్నాడు.

"నూనె రాసుకోకూడదని మన పత్రాల్లో ఎక్కడైనా ఉందా?"

"లేదు సర్."

"అయితే రాసుకోవచ్చు."

అని మళ్ళీ కలం తీసుకున్నాడు. చర్మం మీద ఎన్ని జాతుల పురుగులు పాకుతాయో నాకు తెలుసు. ఈ రెండు మాటలు నా మీద పాకినట్టు అవేవీ పాకలేదు. ఛీ అనిపించింది. గాజును కాబట్టి పగలడం తప్ప నాకు వేరే నిరసన చేతకాదు, అదీ నా చేతుల్లో లేదు.

పదహారో వారం వచ్చింది. సలోమి కాగితం అడిగింది. ఫిర్దౌస్ ఒక ఉత్తరం రాసి ఉంచింది. ఈమెకున్న జబ్బు ఎవరికీ అంటదు, అన్నం వండటానికి ఏ అభ్యంతరమూ లేదు, వైద్యం జరుగుతోంది, అని అందులో ఉంది. ప్రొఫెసరు సంతకం పెడితే చాలు. ఆయన దాన్ని పక్కకు తోసి ఇంకోటి రాశాడు. కొత్త చికిత్సతో ఈమె వ్యాధి పూర్తిగా నయమైంది, అని. వైద్యం జరుగుతోందని రాస్తే మందు పనిచేయలేదని ఒప్పుకున్నట్టే కదా మరి.

ఫిర్దౌస్ సలోమిని బయటికి తీసుకెళ్ళి రెండు ఉత్తరాలూ చదివి వినిపించింది. నూనె ఆరగానే పొట్టు మళ్ళీ కనబడుతుందనీ, అప్పుడు నువ్వు అబద్ధమాడావంటారనీ, అంటదన్న ఉత్తరమే నిన్ను కాపాడుతుందనీ చెప్పింది. ఎలాగైనా బతిమాలి సంతకం తెస్తానంది. సలోమి ఫిర్దౌస్ రాసిన ఉత్తరాన్ని వెనక్కి ఇచ్చేసింది.

"అంటదంటే ఎవరు నమ్ముతారు తల్లీ? నయమైందంటేనే నమ్ముతారు. నాకిదే ఇవ్వు."

ఫిర్దౌస్ ఆ కాగితమే ఇచ్చి పంపింది. తర్వాత ఆ పిల్ల చేసిన పని కూడా చెప్పాలి, దాచను. ఆఖరి అంకెల పట్టికల మీద తన సంతకం కావలసి వచ్చింది. తన చదువు పూర్తి కావాలంటే ప్రొఫెసరు సంతకం కావాలి. రెండు రోజులు ఆలోచించి పెట్టేసింది. రోగుల చేతులు పట్టుకున్న ఆ చెయ్యే ఆ సంతకం పెట్టింది. చక్రధరరావు మీద కలిగిన రోత కన్నా ఇది నన్ను ఎక్కువ కుంగదీసింది, ఎందుకంటే ఆ పిల్ల మీద నాకు ఆశ ఉండేది.

మూడు నెలలకు సలోమి తిరిగి వచ్చింది. ఏం జరిగిందో వరండాలో పక్కవాళ్ళతో చెబుతుంటే ఫిర్దౌస్ కోటు జేబులోంచి విన్నాను. కాగితం చూసి హెడ్మాస్టరు సంతోషంగా వంటగది తాళం ఇచ్చాడట. ఆమె రోజూ నూనె రాసుకున్నాకే పొయ్యి దగ్గర కూర్చునేది. ఎసరు ఆవిరికి, పొయ్యి సెగకు నూనె ఎంతసేపు నిలుస్తుంది? మధ్యాహ్నానికల్లా చేతులు తెల్లగా తేలేవి. ఎవరో అన్నంలో పొట్టు కనిపించిందన్నారు. నిజంగా కనిపించిందో లేదో ఆ దేవుడికే తెలియాలి. నయమైందని దొంగ కాగితం తెచ్చి పిల్లల నోట్లో రోగం పెట్టిందని ఊరు ఊరంతా బడి ముందు చేరింది. ఆ కాగితాన్ని ఆమె కళ్ళముందే చింపారు. తాళం తీసేసుకున్నారు.

మాత్రలు మళ్ళీ ఇమ్మని అడిగితే, నువ్వు నయమైనవాళ్ళ జాబితాలో ఉన్నావు, పరిశోధన వ్యాసం అచ్చయ్యేదాకా ఆ జాబితా కదపడానికి లేదు, ఆ పూతే రాసుకో అన్నాడు ప్రొఫెసరు. వ్యాసం అచ్చు కావడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఈలోగా ఫిర్దౌస్ చదువు ముగించుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు సలోమి చీటీ మీద ఆ మాత్రల పేరు, కీళ్ళ నొప్పి సంగతి రాసి, తర్వాత వచ్చే డాక్టరుకు చూపించమని చేతిలో పెట్టింది. వ్యాసం అచ్చయ్యాక కొత్తగా వచ్చిన డాక్టరు దాన్ని చదివి మాత్రలు మొదలుపెట్టాడు. చర్మం తగ్గుముఖం పట్టింది. వంగిన వేళ్ళు మాత్రం వంగినట్టే ఉండిపోయాయి. అవి ఇక చాపినా సాగవు.

చక్రధరరావుకు సన్మానం జరిగింది. శాలువా కప్పారు. ఆ సందర్భంగా ఈ వరండాలో ఈ అద్దాల పెట్టె కట్టించారు. పెట్టెలో నేనూ, నా పక్కన రెండు ఫొటోలు. మొదటిదాంట్లో పొట్టు తేలిన చెయ్యి, రెండోదాంట్లో నిగనిగలాడే నున్నటి చెయ్యి. నా కింద చీటీ మీద ఇలా ఉంది: ప్రొఫెసర్ చక్రధరరావుగారు తమ విఖ్యాత పరిశోధనలో స్వయంగా ఉపయోగించిన భూతద్దం. స్వయంగా, అట. రోగం ఉన్నవాడి చేతిలోంచి నన్ను లాక్కుని, రోగం ఉన్నవాళ్ళ చేతే పట్టించినవాడు. ఈ పెట్టెలో నేను ఇక దేన్నీ పెద్దగా చేసి చూపించలేను. దూరంగా పెడితే భూతద్దం మామూలు గాజుముక్కే.

తర్వాత ఒక రోజు వరండాలో టోకెన్లు పట్టుకున్న జనం బల్లల మీద కిక్కిరిసి ఉన్నారు. సలోమి నా పెట్టెకు ఎదురుగా కూర్చుంది. ఫొటోల వైపు అలవోకగా చూసి, మళ్ళీ చూసి, లేచి దగ్గరికి వచ్చింది. రెండు ఫొటోల్లోనూ మణికట్టు మీద నెలవంక మచ్చ ఉంది. తన మణికట్టు ఎత్తి పెట్టె అద్దానికి ఆనించి పోల్చుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని వెనక్కి వెళ్ళి కూర్చుంది.

ఆమె పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఉతికిన పంచె, నున్నగా దువ్విన తెల్లజుట్టు. ఆయన కూడా ఇందాకటి నుంచీ పెట్టెనే చూస్తున్నాడు, కానీ ఫొటోల్ని కాదు. ఆయన లేచి కర్ర పొడుచుకుంటూ వచ్చి, వంగి, నా పిడి మీద తన పన్నుతో కొరికిన గాటును వెతికాడు. కొడుకు చిన్నప్పుడు వాడి చెయ్యి చూస్తూ ఆలోచనలో పడి కొరికిన గాటు అది. కనబడింది.

"ఇది నా అద్దం" అన్నాడు పానకాలు.

అటుగా వెళుతున్న అటెండరు ఆగి, చీటీ చదువుకో తాతా, సారు పేరుంది చూడు అని వెళ్ళిపోయాడు. పానకాలు చీటీ చదివాడు. చదువు వచ్చినందుకు మనిషి అంత చిన్నబోవడం నేను ఎప్పుడూ చూడలేదు. వచ్చి బల్లమీద కూలబడ్డాడు. సలోమి ఆ రెండో ఫొటో వైపు గడ్డం ఊపింది.

"ఆ చెయ్యి నాది" అంది.

తర్వాత పానకాలు పాత అలవాటు కొద్దీ ఆమె చెయ్యి తీసుకుని తన ఎడమ అరచేతిలో పెట్టుకున్నాడు. వంకరపోయిన వేళ్ళను ఒక్కొక్కటే తడిమాడు. అద్దం లేదు, జాతకం చెప్పలేదు. సలోమి తన చెయ్యి వెనక్కి తీసుకుని వేళ్ళు ఒకదానికొకటి రుద్ది చూసుకుంది. జిడ్డు తగిలింది.

"నూనె రాసుకుని వచ్చావా అన్నా?"

"పెద్ద డాక్టరు కదమ్మా" అన్నాడాయన.

"ఆ మూల కుళాయి ఉంది. సబ్బు నా సంచీలో ఉంది. రుద్ది కడుక్కునిరా. చేతులు ఆరాకే లోపలికెళ్ళు. ఉన్నది ఉన్నట్టు చూపించు. చెయ్యి పట్టుకుని చూడందే లేచి రాకు."

నలభైమంది, పదహారు వారాలు, అచ్చయిన వ్యాసం, శాలువా, అన్నీ కలిపి కనిపెట్టలేకపోయింది ఆమె ఆ బల్ల మీద కూర్చుని చెప్పేసింది. వంగిన వేళ్ళతో సంచీ ముడి విప్పలేక పళ్ళతో విప్పి సబ్బు తీసి ఇచ్చింది. పానకాలు కర్ర ఆమె దగ్గరే వదిలేసి, గోడ పట్టుకుంటూ కుళాయి వైపు నడిచాడు.